పులికాట్ రోడ్డు మీద ఎలక్ట్రిక్ సైకిళ్ల రైడు, మధ్యలో చేపల పులుసు: ఈ ప్లానులో తప్పులు చెప్పండి

కాలువగట్టు (నెల్లూరు) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. జనవరిలో సంక్రాంతి అయ్యాక ఒక ఆదివారం ఎనిమిది మందిని పులికాట్ సరస్సు చూపించడానికి తీసుకుపోవాలి. ముందు ఒక గైడు, వెనక ఒక గైడు, మొత్తం పది సైకిళ్లు. అన్నీ ఎలక్ట్రిక్కే. 36 వోల్టులు, 10.4 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ, వెనక చక్రంలో 250 వాట్ల మోటారు, పెడల్ అసిస్టు (తొక్కేటప్పుడు మోటారు తోడు పట్టడం), త్రాటిల్ (తొక్కకుండా హ్యాండిల్ తిప్పితే పోవడం) రెండూ ఉన్నాయి. ఒక్కొక్కటి 23 కిలోలు. టైర్లు 27.5 ఇంటూ 2.1. వచ్చేవాళ్లలో ఇద్దరికి అరవై దాటింది, ఒక అబ్బాయికి పదిహేనేళ్లు, ఇద్దరు శాకాహారులు.

మా లెక్క ఇదీ. నెల్లూరు నుంచి వ్యానులో సూళ్లూరుపేట. తొమ్మిదికి అక్కడ కారం దోశ తిని సైకిలెక్కడం. అటకానితిప్ప మీదుగా శ్రీహరికోట దీవిలోకి పోయి ఒక చుట్టు చుట్టడం. అక్కణ్ణుంచి ఇరకం దీవికి పోయి భోజనం, పులికాట్ రొయ్యలూ చేపల పులుసూ. సాయంత్రానికి వెనక్కి. సైకిల్ కంపెనీవాళ్లు ఒక చార్జికి 50 కిలోమీటర్లు అన్నారు కాబట్టి బ్యాటరీ సరిపోతుందనే అనుకుంటున్నాం.

దారి, బ్యాటరీ, తిండి: ఈ మూడింటిలో ఎక్కడ దెబ్బ తింటామో తెలిసినవాళ్లు చెప్పండి. లైసెన్సు విషయం కూడా.

పేటపిట్ట (సూళ్లూరుపేట)

అన్నా, ముందు మ్యాపు ఒకసారి తీసి చూడండి. మీ ప్లానులో రెండు దీవుల్ని ఒకే దారిలో గుచ్చేశారు. అట్లా కుదరదు.

శ్రీహరికోట ఇస్రో రాకెట్ల షార్ కేంద్రం ఉండే దీవి. మా పేట (సూళ్లూరుపేట) నుంచి తూర్పుగా పోయే రోడ్డు సరస్సును అడ్డంగా దాటి షార్ గేటు దగ్గర ఆగిపోతుంది. అనుమతి లేకుండా లోపలికి పోయి చుట్టు చుట్టడం అనే మాటే లేదు. రాకెట్ ప్రయోగం చూసే గ్యాలరీకి కూడా ముందే ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకోవాలి, అదీ ప్రయోగం ఉన్న రోజుకే. కాబట్టి మీ సైకిళ్లకు అటకానితిప్పే చివర. పేట నుంచి పది పన్నెండు కిలోమీటర్లు.

ఇరకం వేరే దిక్కు. అది తడ మండలం, సరస్సులో దక్షిణం వైపు. భీములవారిపాలెం రేవుకు పోయి పడవెక్కాలి. అటకానితిప్ప నుంచి సైకిలు మీద ఇరకం పోయే దారి లేదు. పొద్దున అటకానితిప్ప ముగించుకుని, సైకిళ్లు వ్యానులో ఎక్కించి, హైవే మీద తడ వైపు దిగి రేవుకు పోతే రెండూ ఒకే రోజులో అవుతాయి.

ఇక అసలు విషయం గాలి. ఈ రోడ్డు మీద ఎత్తు లేదు, మలుపు లేదు, చెట్టు నీడ లేదు. కష్టమంతా గాలిదే. జనవరిలో తెల్లారుజామున గాలి మెత్తగా ఉంటుంది, ఉన్నా నేల వైపు నుంచి సముద్రం వైపుకు వీస్తుంది. పది, పదకొండు దాటాక సముద్రపు గాలి ఈశాన్యం నుంచి, తూర్పు నుంచి లేస్తుంది. అంటే ఆరున్నరకు బయల్దేరితే పోయేటప్పుడు ఎదురుగాలి ఉండదు, పదకొండుకు తిరుగుముఖం పడితే గాలి వెనక నుంచి తోస్తుంది. మీరు తొమ్మిదికి తిని తొమ్మిదిన్నరకు ఎక్కితే పోయేటప్పుడే గాలికి ఎదురీదాల్సి వస్తుంది, పైగా పిట్టలు కూడా అప్పటికి ఎండలో మసకగా కనిపిస్తాయి.

జూన్, జూలైల్లో దీనికి పూర్తిగా తలకిందులు. పడమటి గాలి. పోయేటప్పుడు వెనక నుంచి తోస్తుంది కాబట్టి అందరూ ఉల్లాసంగా త్రాటిల్ తిప్పుతారు, తిరిగొచ్చేటప్పుడు అదే గాలి మొహాన కొడుతుంది, బ్యాటరీ అప్పటికే సగం ఖాళీ. ఆ నెలల్లో ఎవరైనా అడిగితే వద్దనే చెప్పండి. ఎలాగూ అప్పుడు ఉత్తరం వైపు సరస్సు ఎండిపోయి బీటలు తీసి ఉంటుంది.

జనవరి ఎంచుకోవడం మంచిదే. నవంబరు వానలకు నీళ్లు లోతుగా ఉన్నప్పుడు ఫ్లెమింగోలు చెదిరిపోయి దూరంగా ఉంటాయి. కాళ్లు ఆనేంత నీళ్లలోనే అవి ముక్కు తలకిందులుగా పెట్టి మేస్తాయి. జనవరి, ఫిబ్రవరిలో నీళ్లు తగ్గేకొద్దీ రోడ్డుకు దగ్గరగా వస్తాయి. ఫ్లెమింగోల పండగ జరిగే రోజులు మాత్రం తప్పించండి, రోడ్డు నిండా జనం, కార్లు. ఆదివారం అన్నారు కదా, అది సరైన పని. పనిరోజుల్లో పొద్దున, సాయంత్రం షార్ ఉద్యోగుల బస్సులు వరసగా పోతాయి, వాటి గాలికే సైకిలు ఊగుతుంది. రాకెట్ ప్రయోగం తేదీ చూసుకోకుండా మాత్రం రోజు ఖాయం చేయొద్దు.

ఇంకొకటి. ఇదంతా పక్షుల అభయారణ్యం. రోడ్డు దిగి బురదలోకి పోవడం, పిట్టల్ని ఎగరగొట్టి ఫొటోలు తీయడం కుదరదు. డ్రోను సంచిలో కూడా పెట్టుకోవద్దు, పక్కనే షార్ ఉంది. గుంపును డబ్బులు తీసుకుని తిప్పుతుంటే పేటలోని వన్యప్రాణి విభాగం ఆఫీసులో ముందే ఒక మాట చెప్పి, ఏం కావాలో అడిగి కాగితం పెట్టుకోండి.

స్పోక్‌రెంచి (స్టోన్‌హౌస్‌పేట)

లైసెన్సు ముందు ముగిద్దాం. మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేశాక బరువు 60 కిలోల లోపు ఉంటే నంబరు ప్లేటు, రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కర్లేదు. పదిహేనేళ్ల అబ్బాయి తొక్కొచ్చు. అయితే అద్దెకిచ్చేవాళ్లు కంట్రోలరులో వేగం లిమిటు తీసేసి ఇస్తుంటారు. ఒక్కో సైకిలు ఫుల్ త్రాటిల్లో 25 దాటుతోందేమో మీరే చూసుకోండి. దాటిందా, అది చట్టం లెక్కలో మోటారు బండి, అన్నీ కావాల్సిందే. హెల్మెట్ మాత్రం చట్టంతో పని లేకుండా అందరికీ.

ఇప్పుడు ఆ 50 కిలోమీటర్ల సంగతి. 36 ఇంటూ 10.4 అంటే 374 వాట్-అవర్లు, బ్యాటరీలో పట్టే మొత్తం కరెంటు. చివరి బొట్టు దాకా పిండకూడదు కాబట్టి 315 అనుకోండి. చదును రోడ్డు, గాలి లేదు, తొక్కుతూ అసిస్టు రెండో మెట్టులో పోతే కిలోమీటరుకు 6 నుంచి 8 వాట్-అవర్లు. 40 కిలోమీటర్లు హాయిగా వస్తుంది. కాళ్లు ఆడించకుండా త్రాటిల్ మీదే కూర్చుంటే 10 నుంచి 12. అదే గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే, త్రాటిల్ మీద వేగం 15కి పడిపోతుంది, ఖర్చు కిలోమీటరుకు 15, 16 అవుతుంది. 250 వాట్ల మోటారు అంతకంటే తోయలేదు.

లెక్క వేయండి. ఒక వైపు 12 కిలోమీటర్లు గాలి లేకుండా త్రాటిల్ మీద, 130 వాట్-అవర్లు. ఇంకో వైపు 12 కిలోమీటర్లు ఎదురుగాలిలో త్రాటిల్ మీద, 190. మొత్తం 320. అంటే 24 కిలోమీటర్ల రైడుకే బ్యాటరీ అయిపోయింది. మీకు చెప్పిన 50లో సగం కూడా కాదు. కంపెనీ అబద్ధమాడలేదు, తొక్కే మనిషి బరువు తక్కువ, గాలి లేదు, కాళ్లు పనిచేస్తున్నాయి అనే లెక్క అది. పేటపిట్ట చెప్పిన టైముకు పోతే ఈ తిప్పలు ఉండవు, కానీ పెద్దవాళ్లు త్రాటిల్ వదలరు. వాళ్ల సైకిళ్లకే ఒక బ్యాటరీ అదనంగా వ్యానులో పెట్టండి. తాళం గూడు అన్నిటికీ ఒకటే రకమో కాదో ముందే చూసుకోవాలి, పెట్టెలో అమరని బ్యాటరీ ఎంత నిండుగా ఉంటే ఏం లాభం.

డిస్‌ప్లే మీద గీతల్ని నమ్మొద్దు. త్రాటిల్ తిప్పినప్పుడు రెండు గీతలు పడతాయి, వదిలితే లేస్తాయి. వోల్టులు చూపించే పేజీ ఉంటుంది, అది పెట్టుకోండి. నిండా ఉంటే 42. ఆగి ఒక నిమిషం గడిచాక చదవాలి. 38 అంటే సగం పైన ఉంది. 36 అంటే పావు వంతు. 35కి వస్తే పదో వంతు మిగిలిందనుకోవచ్చు, ఆ తర్వాత జారుడుబండే. అటకానితిప్పలో తిరుగుముఖం పట్టే ముందు గైడు పది సైకిళ్ల వోల్టులూ చూడాలి. 38 కంటే తక్కువ ఉన్నవాళ్లకు అక్కణ్ణుంచి త్రాటిల్ బంద్, అసిస్టు ఒకటో మెట్టు. 36 కింద ఉంటే సైకిలు వ్యానెక్కాలి, మొహమాటం లేదు.

ముందు వారం ఒక పరీక్ష పెట్టుకోండి. నెల్లూరు నుంచి మైపాడు బీచికి పాతిక కిలోమీటర్లు, అదీ తూర్పుకే. పది సైకిళ్లూ ఒకేసారి పోయి రండి. ఏ బ్యాటరీ ముసలిదైందో వెనక్కి వచ్చేలోపు తేలిపోతుంది. అన్నీ ఒకే ఏడాది కొన్నవైనా ఒకటో రెండో 30 కిలోమీటర్లకే చేతులెత్తేస్తాయి. వాటిని తేలికైన మనిషికి ఇవ్వండి, లేదా పక్కన పెట్టండి.

కాలువగట్టు

చాలా థ్యాంక్సండీ ఇద్దరికీ. శ్రీహరికోట చుట్టు తీసేశాం. ఆరున్నరకే ఎక్కుతాం. రెండు అనుమానాలు. ఒకటి, వెనక చక్రంలో మోటారు ఉంది కదా, పంక్చరు పడితే రోడ్డు మీద ఎట్లా? రెండు, మధ్యాహ్నం భోజనం చేసేటప్పుడు చార్జింగు పెడితే సరిపోదా?

స్పోక్‌రెంచి

పంక్చరు పడుతుంది, అందులో అనుమానం లేదు. అటు పక్కంతా చిల్లకంప. సర్కారు తుమ్మ అన్నా అదే. ముల్లు టైరును సూదిలా దాటి ట్యూబులో విరిగిపోతుంది.

మోటారు చక్రం విప్పకుండానే పంక్చరు వేయొచ్చు, చాలామందికి ఈ సంగతి తట్టదు. సైకిలు తిరగేసి, గాలి తీసి, టైరు ఒక పక్క మాత్రమే లివర్లతో బయటికి లాగండి. ట్యూబును చిల్లు ఉన్న చోటు దాకా లాగి, గరుకు పేపరుతో రుద్ది, సొల్యూషను పూసి, ఐదు నిమిషాలు ఆరనిచ్చి ప్యాచీ వేయడమే. ఆరకముందే అతికిస్తే ఎండకు ఊడిపోతుంది, తొందరపడేవాళ్ల ప్యాచీలు ఊడేది ఇందుకే. టైరు లోపల వేలితో కాదు, గుడ్డతో తుడవండి. విరిగిన ముల్లు అక్కడే ఉంటే గుడ్డకు తగులుకుంటుంది. దాన్ని తీయకపోతే రెండు కిలోమీటర్లకు మళ్లీ అదే చోట చిల్లు.

వాల్వు దగ్గరే చిరిగితే చక్రం విప్పక తప్పదు. అప్పుడు క్రమం ఇది. బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి. మోటారు వైరు కనెక్టరు మీద రెండు బాణం గుర్తులుంటాయి, తిప్పకుండా నేరుగా లాగాలి. తిప్పితే లోపల పిన్నులు వంగుతాయి. తర్వాత ఇరుసు నట్లు, ఎక్కువ సైకిళ్లకు 18 నంబరు పానా. విప్పేటప్పుడు వాషర్లు ఏ పక్క ఏ వరసలో ఉన్నాయో ఫొటో తీసుకోండి. ముక్కు ఉన్న వాషరు ఒకటి ఉంటుంది, ఆ ముక్కు ఫ్రేము గాడిలో కూర్చోవాలి. దాన్ని తిరగేసి పెట్టినా, నట్లు వదులుగా బిగించినా, మోటారు తిరిగేటప్పుడు చక్రానికి బదులు ఇరుసే తిరిగి వైరును మెలిపెట్టి తెంపేస్తుంది. మోటారు ఖర్చు అక్కడే.

టైరులో గాలి తారు రోడ్డుకు 40 నుంచి 45 పీఎస్ఐ. చిల్లును లోపల్నుంచి పూడ్చే సీలెంటు ద్రవం పోయిస్తే ముళ్లకు బాగానే పనికొస్తుంది, కానీ మన ఎండలకు కొన్ని నెలల్లోనే గడ్డ కడుతుంది, పోసిన తేదీ చక్రం మీద రాసి పెట్టండి.

భోజనం దగ్గర చార్జింగు: మీ చార్జరు 42 వోల్టులు, 2 ఆంపియర్లు. గంటన్నర పెడితే 3 ఏహెచ్, అంటే ముప్పై శాతం. పనికిరాదని కాదు. పదింటికీ కలిపి వెయ్యి వాట్లు, మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు రెండుంటే చాలు. కానీ ఎండలో వచ్చిన బ్యాటరీని వెంటనే తగిలించొద్దు. నీడలో అరగంట ఉంచి, చేత్తో పట్టుకుంటే వెచ్చదనం పోయాకే. దాని మీద తువ్వాలు కప్పడం, సంచిలోనే ఉంచి చార్జి పెట్టడం అసలే వద్దు. నా లెక్కలో మాత్రం పొద్దున రైడు అయిపోయాక సైకిళ్లు ఎలాగూ వ్యానెక్కుతున్నాయి, ఇక చార్జింగు ఎందుకు?

పులుసుగిన్నె (కోట)

తిండి దగ్గర మీ ప్లాను పూర్తిగా తిరగేయాలి. కారం దోశ తిని సైకిలెక్కడం ఏందబ్బా! ఎర్రకారం, నూనె, పైన నెయ్యి. ఎనిమిదింటికల్లా గొంతెండి నీళ్లన్నీ తాగేస్తారు, నీడ లేని రోడ్డు మీద నీళ్లు దొరకవు, మరుగు అసలే దొరకదు. ఆడవాళ్లున్న గుంపు అయితే ఇది చిన్న విషయం కాదు, పేటలోనే అన్నీ చూసుకుని బయల్దేరాలి. ఆరింటికి రెండిడ్లీలు, కాస్త పొడి, చాలు. మధ్యలో అరటిపండ్లు, ఉప్పేసిన పలచటి మజ్జిగ. మనిషికి రెండు లీటర్ల నీళ్లు సైకిలు మీద, మరో లీటరు వ్యానులో. కారం దోశ తిరిగొచ్చాక సాయంత్రం తినండి, దాని రుచి అప్పుడే తెలుస్తుంది.

జనవరి కాబట్టి తేగలు దొరుకుతాయి. ఉడికించినవి రెండు కట్టలు తీసుకుంటే అటకానితిప్పలో ఆగినప్పుడు అందరికీ వస్తాయి. పీచు పళ్లలో ఇరుక్కుంటుందని పెద్దవాళ్లు విసుక్కుంటారు, వాళ్లకు మలై కాజా ఒక పెట్టె.

ఇప్పుడు పులుసు. నెల్లూరు చేపల పులుసు అంటే మామిడికాయ ఉండాలని బయటి ఊళ్లవాళ్లు ఎదురుచూస్తారు. పిట్టల కాలమూ మామిడి కాలమూ ఒకటి కాదు. జనవరిలో దొరికే కాయ అకాలపు కాయ, పులుపు నమ్మలేం. ఆ నెలలో చింతపండు పులుసే చేయించండి, టమాటా రెండు వేసినా తప్పు లేదు. మామిడికాయే కావాలంటే మార్చిలో రమ్మనండి, అప్పటికి పిట్టలు తగ్గుతాయి, ఎండ పెరుగుతుంది. ఏదో ఒకటే దక్కుతుంది.

బొమ్మిడాయిలు కూడా అడుగుతారు. అవి మంచినీళ్ల చేప, చెరువులది. పులికాట్ చేప అని చెప్పి బొమ్మిడాయిల పులుసు పెట్టకండి. ఇక్కడి ఉప్పు కలిసిన నీళ్లకు రొయ్యలు, ఎండ్రకాయలు, పండుగప్ప. మీ గైడు ఈ తేడా చెబితే వచ్చినవాళ్లకు ఒక ముక్క తెలిసినట్టుంటుంది.

వండించడం రేవు దగ్గర ఇళ్లలో చేయించుకోవచ్చు. చేప ఖరీదు వేరు, వంట కూలి వేరు అని ముందు రోజే మాట్లాడుకోండి, కొంత బయానా ఇవ్వండి. అప్పటికప్పుడు పోయి పది మందికి వండమంటే రెండు గంటలు పడుతుంది, అదీ ఆ రోజు వలలో ఏం పడితే అది.

కొలత కావాలంటే పది మందికి: శుభ్రం చేశాక రెండున్నర కిలోల పండుగప్ప ముక్కలు, చింతపండు 200 గ్రాములు, ఎండుకారం ఎనిమిది చెంచాలు, అదీ అన్నం వడ్డించే పెద్ద చెంచా కాదు, గుండుగా నింపని టేబుల్ స్పూను. నూనె పావు లీటరు పైనే, ఉల్లిపాయలు ఐదు. మెంతులు, జీలకర్ర, ధనియాలు, ఆవాలు వేయించి కొట్టిన పొడి చివర్లో. పులుసు బాగా మరిగి చిక్కబడ్డాకే ముక్కలు వేయాలి. వేసి పది, పన్నెండు నిమిషాలు. గరిటె పెట్టకూడదు, గిన్నెను రెండు చేతులా పట్టుకుని తిప్పాలి. ముఖ్యంగా ముందు రోజు రాత్రి వండించండి. మధ్యాహ్నానికి ముక్కకు పులుపు పట్టి ఉంటుంది. అప్పుడే దించిన పులుసు తిని నెల్లూరు పులుసు ఇంతేనా అని పోయేవాళ్లు ఎంతమందో.

రొయ్యలు మాత్రం అప్పటికప్పుడే వేపించాలి. ఎండ్రకాయలు గుంపు భోజనంలో వద్దనే చెబుతాను. రుచిలో వంక లేదు. కానీ ఒక్కో మనిషి ఒక్కో కాలు కొరుకుతూ ముప్పావుగంట కూర్చుంటాడు, మీ పడవ టైము పోతుంది. రొయ్యలు, ఎండ్రకాయలు పడనివాళ్లు ఎవరైనా ఉన్నారేమో డబ్బులు కట్టించుకునేటప్పుడే అడిగి రాసుకోండి, విస్తరి దగ్గర కాదు. శాకాహారులిద్దరికీ గిన్నెలు, గరిటెలు వేరుగా ఉండాలి కాబట్టి వాళ్ల భోజనం పేటలోనే క్యారియరులో కట్టించుకోవడం మేలు. గోంగూర పప్పు, చిక్కుడుకాయ వేపుడు, రసం. పెరుగన్నం మాత్రం వ్యానులో ఆరు గంటలు పెట్టకండి, పులిసిపోతుంది. పాలు ఎక్కువ, తోడు తక్కువ పెట్టి కలిపితే మధ్యాహ్నానికి సరిగ్గా ఉంటుంది.

ఉప్పుగాలి (తడ)

ఇరకం గురించి నా మాట వేరు. పడవ మీద ఎలక్ట్రిక్ సైకిళ్లు ఎక్కించే ఆలోచన ఉంటే మానుకోండి. పది సైకిళ్లంటే 230 కిలోలు, పది మంది మనుషులు, ఎక్కించేటప్పుడు దించేటప్పుడు మోకాలి లోతు నీళ్లు. ఆ నీళ్లు ఉప్పువి. మోటారు ఇరుసు దగ్గర వైరు లోపలికి పోయే సందు ఉంటుంది, చక్రం సగం మునిగితే నీళ్లు అక్కణ్ణుంచే ఎక్కుతాయి. వాన పడ్డా ఆగని మోటారు ఉప్పునీళ్లలో మునిగితే ఆ రోజు బాగానే తిరిగి, రెండు వారాలకు బేరింగు గీపెడుతుంది. దీవి మీద తిరగడానికి కాళ్లు చాలు. సైకిళ్లు రేవు దగ్గర వ్యానులోనే ఉంచి తాళం వేసుకోండి.

లైఫ్ జాకెట్లు పది ఉంటేనే పడవెక్కాలి. ఎనిమిదే ఉన్నాయంటే రెండు విడతలు. గాలి పెరిగాక సరస్సులో చిన్న అలలు లేస్తాయి, లోతు తక్కువ కాబట్టి పడవ అడుగు తగులుతుంది. అందుకే మూడున్నరకల్లా తిరిగి రేవులో ఉండేట్టు చూసుకోండి.

పేటపిట్ట

ఉప్పుగాలి అన్నతో పూర్తిగా ఏకీభవిస్తా. ఇంకా చెప్పాలంటే, అరవై దాటినవాళ్లు ఉన్నప్పుడు అటకానితిప్ప, ఇరకం రెండూ ఒకే రోజు పెట్టడమే ఎక్కువ. భీములవారిపాలెంలో భోజనం చేసి, పడవ ఓపిక ఉన్నవాళ్లకే పెట్టండి. మిగిలినవాళ్లకు హైవే మీద వెనక్కి వచ్చేటప్పుడు దొరవారిసత్రం దగ్గర నేలపట్టు ఉంది. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు చెట్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచేది అక్కడే. మేత పులికాట్‌లో, కాపురం నేలపట్టులో. ఈ రెండూ చూస్తేనే కథ పూర్తవుతుంది.

జిల్లాల లెక్కలో 2022 నుంచి పేట, తడ తిరుపతి వైపు పోయాయి. ఆఫీసులో కాగితం రాసేటప్పుడు పాత అలవాటు కొద్దీ నెల్లూరు జిల్లా అని రాయకండి.

గంటమోత (నెల్లూరు)

గైడు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు, అది నేను చెబుతా. ఎలక్ట్రిక్ సైకిలు గుంపులో పడిపోయే వాళ్లు రోడ్డు మీద పడరు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పడతారు. పవర్ ఆన్‌లో ఉండగా దిగి, హ్యాండిల్ పట్టుకుని తోస్తూ త్రాటిల్ మీద చెయ్యి పడితే సైకిలు మనిషిని లాక్కుపోతుంది. పక్కన సరస్సు గట్టు ఉందని మరిచిపోవద్దు. అందుకని మొదటి పాఠం: దిగే ముందు పవర్ ఆఫ్. వ్యాను దిగిన చోటే ఖాళీ స్థలంలో పావుగంట ఇదొక్కటే చేయించండి. ఎక్కడం, పది గజాలు పోవడం, బ్రేకు పట్టడం, పవర్ ఆపడం, దిగడం. బ్రేకు లీవరు కొంచెం నొక్కగానే మోటారు ఆగాలి. ఆగకపోతే లీవరులోని స్విచ్చి పోయింది, ఆ సైకిలు ఇవ్వకండి.

రెండోది ఎడం. పెడల్ అసిస్టు ఉన్న సైకిలు తొక్కడం మొదలెట్టాక అరచుట్టు ఆగి లాగుతుంది, తొక్కడం ఆపాక కూడా క్షణం పాటు తోస్తుంది. మామూలు సైకిలు అలవాటుతో ముందువాడికి అతుక్కుని పోతే గుద్దుతారు. మూడు సైకిళ్ల పొడవు ఖాళీ ఉండాలి. ఇద్దరిద్దరు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ పోవడం ఆ రోడ్డు మీద కుదరదు. ముందు గైడు వేగం 16. అంతకంటే ఎక్కువైతే వెనక పెద్దవాళ్లు త్రాటిల్ పట్టుకుంటారు, బ్యాటరీ లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

పిట్టల కోసం ఆగేటప్పుడు తారు మీద ఆగొద్దు, అంచుకు దిగాలి. అంచు మెత్తటి మట్టి. 23 కిలోల సైకిలు స్టాండు అందులో దిగబడి పక్కకు పడుతుంది, పడితే డిస్‌ప్లే పగులుతుంది లేదా గేరు వంగుతుంది. అరచేయంత ప్లైవుడ్ ముక్కలు పది కోయించుకుని, స్టాండు కింద పెట్టించండి. దుర్భిణి రెండు చాలు, చేతులు మారతాయి.

కబుర్లు తక్కువ, సరైనవి చెప్పండి. పులికాట్ మన దేశంలో చిలకా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. కాళంగి, అరణి నదుల నీళ్లు, సముద్రపు నీళ్లు కలిసేచోటు. శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ ఎగిరింది 1971 అక్టోబరు 9న, చిన్న రోహిణి రాకెట్. ఫ్లెమింగోల గులాబీ రంగు పుట్టుకతో రాదు, తినే నాచు, చిన్న చిన్న రొయ్యల్లాంటి పురుగుల్లోంచి వస్తుంది, అందుకే పిల్లలు బూడిద రంగులో ఉంటాయి. ఇంతే చాలు. మైకు, స్పీకరు వద్దు.

కాలువగట్టు

ప్లాను మార్చాం. ఆరుకి ఇడ్లీ, ఆరున్నరకు రైడు, పదకొండుకు తిరుగుముఖం, పన్నెండున్నరకు సైకిళ్లు వ్యానులో, రేవు దగ్గర భోజనం. పడవ ఇష్టమున్నవాళ్లకే. చివరి ప్రశ్న: మామూలు పికప్ వ్యానులో పది సైకిళ్లు పడతాయా, ఇంటికొచ్చాక ఏం చేయాలి?

స్పోక్‌రెంచి

బ్యాటరీలు తీసేసి, ఒకటి తల అటు ఒకటి తల ఇటు నిలబెడితే బొలెరో పికప్‌లో ఎనిమిది నిలబడతాయి. మిగతా రెండూ మీరు కూర్చునే బండి వెనక క్యారియరుకు. పడుకోబెట్టక తప్పకపోతే ఎడమ పక్కకు పడుకోబెట్టండి, గేరు కుడి పక్క ఉంటుంది కాబట్టి. సైకిలుకూ సైకిలుకూ మధ్య గోనెసంచులు, లేకపోతే పెడలు పక్క సైకిలు స్పోకుల్లో దూరుతుంది. బ్యాటరీలు ఎండ తగలని పెట్టెలో, ఒకదానికొకటి రాసుకోకుండా, మనుషులు కూర్చునే బండిలో.

ఇంటికొచ్చాక అదే రాత్రి ఉప్పు తుడవాలి. రేపు చూద్దాం అంటే రేపటికి గొలుసు ఎర్రబడుతుంది. ప్రెషరు పైపు వద్దు, ఉప్పును బేరింగుల్లోకి తోసేది అదే. ఒక్కో సైకిలుకు రెండు బకెట్ల మంచినీళ్లు, ఒక తడిగుడ్డ, ఒక పొడిగుడ్డ. బ్యాటరీ గూట్లో ఇత్తడి పిన్నులు, చార్జింగు రంధ్రం పొడిగుడ్డతోనే తుడిచి, రబ్బరు మూత మూయండి. అక్కడ పచ్చని చిలుము కనబడితే సన్నటి బ్రష్షుతో గీకి, ఎలక్ట్రికల్ గ్రీజు కొంచెం రాయాలి, లేకపోతే అక్కడే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. తడిగా ఉండగా మోటారు కనెక్టరు విప్పొద్దు. గొలుసు తుడిచి ఆరాక ఒక్కో లింకుకు ఒక్కో చుక్క నూనె, పది నిమిషాలాగి పైనున్నదంతా తుడిచేయాలి. ఆ నూనె చెయ్యి బ్రేకు డిస్కుకు తగిలిందంటే ప్యాడ్లు మార్చాల్సిందే.

బ్యాటరీలు ఆ రాత్రికి చార్జి పెట్టకండి. పొద్దున, మనిషి మెలకువగా ఉన్నప్పుడు, రెండు మూడు చొప్పున. మళ్లీ నెల దాకా రైడు లేకపోతే నింపొద్దు, 38 వోల్టుల దగ్గర ఆపి పెట్టండి.